విరాటపర్వం చదవబోతున్న బుజ్జమ్మకు

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ దీవించి రాయునది.

వానల కోసం మన ఊరి రామాలయంలో విరాటపర్వం చదివిస్తున్నారనీ, చదివేది నువ్వేననీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పట్నుంచి నా కాలు నేలమీద నిలవడం లేదు. ఆ పీఠం ముందు ఇన్నాళ్ళూ మగవాళ్ళే కూర్చున్నారు. తిక్కనగారి పద్యం మన ఇంటి ఆడపిల్ల నోట ఊరంతా వింటుందంటే నాకు గర్వం కాక మరేమిటి? గుబులు సంగతి కిందికి వస్తే నీకే తెలుస్తుంది.

చిల్లర విషయాలు ముందు. ఫోన్లో చూసి చదవకు, సరిగ్గా పద్యం మధ్యలోనే ఎవరో ఒకరు చేస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు తాత్పర్యంతో వేసిన భారతం మన బీరువాలో ఉంది, తీసుకో. ఐదు ఆశ్వాసాలు, ఐదు రాత్రులు. పద్యం ఒకసారి పదాలు విడదీసి, ఒకసారి రాగంతో. ఈ ఐదు రోజులూ రాత్రిపూట పెరుగు మానెయ్.

వానకి ఈ పర్వమే ఎందుకని అడిగితే భీష్ముడి మాట చూపించు. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల జాడ ఎలా పట్టాలని కౌరవులు తర్జనభర్జన పడుతుంటే ఆయనంటాడు, ధర్మరాజు ఉన్న దేశంలో వానలు వేళకి కురుస్తాయి, పాడీ పంటా నిండుగా ఉంటాయి, అలాంటి చోట వెతకమని. అంతవరకే చెప్పు. 'చదివితే వాన పడుతుంది' అని మాత్రం నీ నోటితో అనకు. పడితే దేవుడి దయ అంటారు. పడకపోతే 'ఆడపిల్ల చేత చదివించారుగా' అంటారు. ఆ మాట అనబోయేవాళ్ళ మొహాలు నాకు ఇక్కణ్ణుంచే కనబడుతున్నాయి.

ఇక అసలు సంగతి, రెండో రాత్రి.

నా చిన్నప్పుడు ఒక ఏడు చెరువులోకి దిగిన గేదెలకి గిట్టలు కూడా తడవలేదు. మీ తాతయ్య ఇదే పర్వం చదివారు. విరాటుడి రాణి సుదేష్ణ, సైరంధ్రి వేషంలో తన దగ్గర పనిచేస్తున్న ద్రౌపదిని మదిర తెమ్మని తమ్ముడు కీచకుడి ఇంటికి పంపేదాకా బాగానే నడిచింది. అక్కడ పుస్తకం నాలుగు పేజీలు తిప్పేసి, 'వాడు ఆమెను అవమానించాడు' అని ఒక్క ముక్కలో తేల్చి, నర్తనశాలలో భీముడి చేత కీచకుణ్ణి చంపించేశారు. ఎదురుగా ఆడవాళ్ళు కూర్చున్నారని మొహమాటం. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ అమ్మమ్మ, "తన్నింది చెప్పకుండా చంపింది చెబితే, వినేవాళ్ళకి కీచకుడి మీదే జాలి పుడుతుందండీ" అంది. తాతయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని, "ఆ ఘట్టం మోటుగా ఉంటుందే" అన్నారు. "మన వీధి చివరింట్లో జరిగేదాని కంటేనా?" అందావిడ. ఆ ఇంటి ఇల్లాలు కూడా పురాణానికి వచ్చింది, చెంగు చెవిదాకా కప్పుకుని. తాతయ్య మాట్లాడలేదు. మర్నాడు వెనక్కి వెళ్ళి చదవనూ లేదు. గొడుగు మర్చిపోయినా వెనక్కి వెళ్ళని మనిషి ఆయన, పద్యం కోసం వెళ్తారా! ఆ పట్టుదల నీకూ వచ్చింది, కొంచెం తగ్గించుకో. అయినా ఆయన గొంతు ఒక్కసారి వినబడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

నువ్వు ఒక్క పద్యం దాటెయ్యొద్దు. ద్రౌపది సూర్యుణ్ణి తలుచుకోవడం, ఆయన ఒక రాక్షసుణ్ణి కనబడకుండా కాపలా పంపడం, ఆమె పరుగెత్తి విరాటుడి కొలువుకే రావడం, నిండు సభలో కీచకుడు జుట్టు పట్టి తన్నడం, రాజు నోరెత్తకపోవడం, అన్నీ చదువు. వంటవాడి వేషంలో ఉన్న భీముడు కోపంతో చెట్టు వంక చూస్తుంటే, వంటకట్టెలకైతే వేరే చెట్టు చూసుకోమని కంకభట్టు వేషంలో ఉన్న అన్నగారు ధర్మరాజు ఆపుతాడు. అక్కడితో ఊరుకోడు, కులస్త్రీకి ఈ నాట్యాలేమిటని ఆమెనే అంటాడు. అప్పుడు ఆమె 'నాదు వల్లభుండు నటుఁ డింత నిక్కంబు' అని అందుకుంటుంది. మొగుడే నటుడైతే నేను మరేమవుతాను కంకభట్టా, అని. అందరూ దీన్ని ఏడుపు గొంతుతో పాడతారు, నాకు నచ్చదు. నిండు సభలో మొగుడికి, మొగుడని ఎవరికీ తెలియకుండా, వాత పెట్టిన పద్యం అది. నిదానంగా, కళ్ళెత్తి చదువు. పైన వ్యాఖ్యానం చేసి ధర్మరాజుని నువ్వు తిట్టకు, ఆవిడ అన్నది చాలు.

ఉత్తరుడి ప్రగల్భాలకి పిల్లలు గోల చేస్తే చెయ్యనీ. చివరి రాత్రి ఉత్తరాభిమన్యుల పెళ్ళికి పానకం, వడపప్పు నావంతు, మీ అమ్మతో చెప్పాను. పట్టుచీర కట్టకు, ఆ మండపంలో ఉడికిపోతావు.

రెండో రాత్రికి అందేలా బస్సెక్కుతున్నాను. ముందు కూర్చోను, నన్ను చూస్తే నీ గొంతు వణుకుతుంది. అరుగు చివర ఆడవాళ్ళతో ఉంటాను, మైకు బాక్సు ఒకటి అటు తిప్పమని చెప్పు.

మీ పెద్దమ్మ