పురావస్తు శిబిరానికి పంపే ముందు అడగవలసినవి

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మాయి కర్నూలులో బి.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతోంది. ఈ వేసవి సెలవుల్లో నాలుగు వారాల పాటు జరిగే పురావస్తు క్షేత్ర శిక్షణ శిబిరానికి వెళ్తానంటోంది. రుసుము మేమే కట్టుకోవాలి. ఎండలో మట్టి తవ్వడం నేర్చుకుంటే రేపు ఉద్యోగానికి పనికొస్తుందా? పంపమంటారా?

జవాబు: పంపండి. అయితే డబ్బు కట్టే ముందు, ఆ శిబిరంలో మీ అమ్మాయి చేతికి ఏమిస్తారో కనుక్కోండి. గంప, పార మాత్రమే ఇచ్చేటట్లయితే ఆ రుసుము దండగ. నోటు పుస్తకం, గ్రాఫు కాగితం, కొలత టేపు ఇచ్చి, పగలు ఆమె రాసినదాన్నీ గీసినదాన్నీ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకొని దిద్దేవారు ఉంటే, తరగతి గదిలో ఏడాది విన్నా రాని చదువు ఆ నాలుగు వారాల్లో వస్తుంది.

ఎందుకంటే, ఒకసారి తీసిన మట్టి పొరను తిరిగి పేర్చలేము. అది ఎంత లోతున ఉంది, దాని రంగేమిటి, పైన ఏముంది, కింద ఏముంది అన్న సంగతులు ఆ పూటే రాసుకోకపోతే, దొరికిన వస్తువు ఎంత అరుదైనదైనా సాక్ష్యంగా నిలవదు. పాత కర్నూలు జిల్లాలో బనగానపల్లె దగ్గరి జ్వాలాపురాన్నే చూడండి. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద అక్కడి జుర్రేరు లోయలో పొరగా నిలిచి ఉంది. ఆ పొరకు పైనా కిందా దొరికిన రాతి పనిముట్ల తీరు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నందువల్ల, అంతటి ఉత్పాతాన్నీ ఇక్కడి మనుషులు తట్టుకొని బతికారని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరుల బృందం 2007లో వాదించింది. ఆ వాదనను ఒప్పుకోనివారూ ఉన్నారు. కానీ ఒప్పుకునేవారికైనా కాదనేవారికైనా ఆధారం ఒకటే: ఏ రాయి ఏ పొరలో దొరికిందో తవ్విన రోజున రాసి పెట్టిన కాగితం.

కాబట్టి శిబిరంలో ఆమెకు పట్టుబడవలసిన పనులు ఇవి: స్థలాన్ని చదరపు గళ్లుగా విభజించి దారం కట్టడం, గళ్ల మధ్య తవ్వకుండా వదిలిన మట్టి గట్ల మీద పొరలను గుర్తించి బొమ్మ గీయడం, డంపీ లెవెల్, టోటల్ స్టేషన్ అనే కొలత పరికరాల్లో ఏదో ఒకదానితో లోతులు తీయడం, తాపీతో గీకుతూ మట్టి రంగో గట్టితనమో మారిన చోట ఆగడం (నా దృష్టిలో ఆ ఆగడమే అన్నిటికన్నా కష్టమైన పాఠం), మట్టిని జల్లెడ పట్టడం, నీటిలో తేల్చి మాడిన గింజలను వేరు చేయడం, కొలబద్దనూ ఉత్తర దిక్కు గుర్తునూ పెట్టి ఫొటో తీయడం. కుండ పెంకుల పనిని మాత్రం తక్కువగా చూడవద్దని అమ్మాయికి చెప్పండి. పెంకును కడిగి, సంఖ్య వేసి, అంచు వంపును బట్టి మొత్తం కుండ ఆకారాన్ని కాగితం మీద గీయగలిగిన వారి అవసరం ప్రతి తవ్వకంలోనూ ఉంటుంది.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి, ఒక శిబిరంలో పది రోజులు మట్టి గంపలు మోసి, ధ్రువపత్రం తెచ్చుకున్నాడు. లోతును ఎక్కడి నుండి కొలిచారని ఎం.ఏ. ప్రవేశ ఇంటర్వ్యూలో అడిగితే చెప్పలేకపోయాడు. తప్పు ఆ పిల్లవాడిది కాదు, అతనికి ఎవరూ చూపించలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎండ గురించి మీ భయం సబబైనదే. మన దేశంలో తవ్వకాలు సాధారణంగా వానలు వెలిశాక మొదలై ఎండలు ముదిరేలోపు ముగుస్తాయి. మే నెలలో రాయలసీమలో తవ్వకం అంటున్నారంటే, పని ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ఆపుతారో, నీడ, తాగునీరు, ఆడపిల్లలకు వసతి ఎలా ఉంటాయో అడగవలసిందే. వేసవిలో తవ్వకుండా, అంతకు ముందు దొరికిన పెంకులను కడగడం, గీయడం, జాబితా రాయడం మాత్రమే నేర్పే శిబిరమైనా సంకోచం లేకుండా పంపవచ్చు. తవ్వకమే ఉంటే, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇచ్చిన అనుమతి ఎవరి పేరు మీద ఉందో తెలుసుకోండి. అనుమతి చూపించలేని చోటికి పంపవద్దు.

శిబిరం మొదలయ్యేలోపు ఒక ఆదివారం ఆమెను ఎర్రగుడికి తీసుకువెళ్లండి. గుత్తి నుండి పత్తికొండ వెళ్లే దారిలో ఉన్న ఆ గుట్ట మీది అశోకుని చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు సాగుతాయి. అక్షరాల మీద సుద్ద రాయకుండా, రాతిని తాకకుండా, ఏ బండ ఎటు తిరిగి ఉందో అడుగులతో కొలిచి ఒక పటం గీయమనండి. నేల మీద పెంకు కనబడినా తీయకూడదు, ఉన్న చోటును పటంలో గుర్తించడమే పని. ఆ పనిలో ఒక గంటన్నర ఆమె విసుగు లేకుండా గడిపితే ఈ విద్య ఆమెకు సరిపడుతుంది.

ఉద్యోగం సంగతి దాపరికం లేకుండా చెబుతాను. ఒక శిబిరంతో ఉద్యోగం రాదు. ఆమె ఎం.ఏ. చేయాలి. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు విభాగం ఉంది, దూరం పంపగలిగితే పుణెలో డెక్కన్ కళాశాల ఉంది. ఆ తరువాత గ్రేటర్ నోయిడాలో పురావస్తు సర్వేక్షణ సంస్థ నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమాకు ప్రయత్నించవచ్చు. సర్వేక్షణ సంస్థలోనూ, రాష్ట్ర శాఖలోనూ, మ్యూజియంలలోనూ ఖాళీలు తక్కువ, ప్రకటనలు ఏటా రావు. అందువల్ల కళాశాల అధ్యాపకులకు అర్హతనిచ్చే నెట్ పరీక్షకూ చదువుతూ ఉండాలి, బి.ఎడ్. దారినీ మూసుకోకూడదు.

ఇక రుసుము విషయం. నిర్వాహకులకు మీరు కాకుండా అమ్మాయి చేతనే ఫోను చేయించి, కిందటి శిబిరంలో విద్యార్థులు రాసిన నోటు పుస్తకం పేజీలు రెండు మూడు పంపమని అడిగించండి. వాటిలో తేదీ, లోతు, పొర వివరం, చేత్తో గీసిన బొమ్మ, దాని మీద గురువు దిద్దిన గుర్తులు కనబడితే ఆ రోజే డబ్బు కట్టండి.