బువ్వేనా, ఇంకేమైనా తిన్నారా? తిండి పరిశోధకుల సందేహాలు

ప్రశ్న: హైదరాబాద్‌కు కూలికి వచ్చిన పాలమూరు కుటుంబాల్లో జొన్నరొట్టె, గటక, అంబలి ఏమేరకు మిగిలాయన్నది నా ఎం.ఏ. ప్రాజెక్టు. ఇరవై ఇళ్లు తిరిగాను. ‘ఏం తింటారు?’ అంటే అందరూ ‘బువ్వే’ అంటున్నారు. ఇక రాయడానికేముంటుంది?
– విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: ఆ ప్రశ్నకు ఆ జవాబే వస్తుందమ్మా. బువ్వ అంటే అన్నమూ అవుతుంది, భోజనమూ అవుతుంది. దాన్ని వదిలేసి, నిన్న పొద్దున లేచింది మొదలు ఇవాళ లేచేదాకా 24 గంటల లెక్క అడగండి. మొదట ఆ ఇంటామె చెప్పింది చెప్పినట్టు, మధ్యలో అడ్డుపడకుండా రాసుకోండి. తర్వాత సాధారణంగా మరచిపోయేవి ఒక్కొక్కటే గుర్తుచేయండి: చాయ్, బన్ను, సైటు దగ్గర తిన్న మిర్చిబజ్జీ, కల్లు, పిల్లల కుర్‌కురే ప్యాకెట్లు. ఆపైన ఏ వేళకు, ఎక్కడ తిన్నారో, ఎవరు వండారో అడిగి, కొలతలకు రండి. చివర్లో అంతా చదివి వినిపిస్తే ‘అయ్యో, రాత్రి మిగిలిన రొట్టె పొద్దున చాయ్‌లో ముంచుకున్నం గదా’ లాంటివి అప్పుడు బయటపడతాయి. మనిషికి అరగంట పట్టొచ్చు. కొందరినైనా మరో రోజు మళ్లీ అడగండి. పని రోజుకూ ఆదివారానికీ పోలికే ఉండదు.

కొలతకు 5 కిలోల ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి వెంట ఉంచుకోండి. పాత లెక్కలో నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. పట్నంలో బియ్యం డబ్బాలో సోల స్థానంలోకి స్టీలు గ్లాసు వచ్చింది, అది ఇంటికో సైజు. అందుకే ఆమె గ్లాసుతోనే బియ్యం పోయించి తూచండి, ఆమె పళ్లెంలోనే వడ్డించి తూచండి. రొట్టెకు పిండి ఒకసారి, కాల్చాక రొట్టె ఒకసారి.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల జొన్నల్లో ఇనుము దాదాపు 4 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 0.65 మాత్రమే. ఆ అంకెలు పచ్చి గింజవి. వండిన అన్నం బియ్యానికి రెండున్నర, మూడు రెట్లు తూగుతుంది. అన్నం బరువును నేరుగా ఆ అంకెతో గుణిస్తే మీ కూలీలందరూ కాగితం మీద పుష్టిగా కనిపిస్తారు!

‘రొట్టె ఎందుకు మానేశారు, ఇష్టం లేదా?’ అని మాత్రం అడగొద్దు. మర్యాదకు ‘అవును’ అనేస్తారు. కారణాలు పొయ్యి దగ్గర కూర్చుంటే తెలుస్తాయి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే జిగురు లేదు. కాగే నీళ్లు పోసి కలిపితేనే పట్టుకుంటుంది. ఊళ్లో వారం వారం గిర్నీ పట్టించిన పిండికీ, ఎప్పుడు పట్టారో తెలియని ప్యాకెట్ పిండికీ తేడా అక్కడే తెలుస్తుంది. నిలవ పిండి రొట్టె అంచుల్లో పగిలి, పెనం మీద తిప్పేసరికి విరుగుతుంది. ఐదుగురికి పది రొట్టెలు ఒక్క స్టవ్వు మీద చేతితో కొట్టి కాల్చి, ఏడింటికల్లా కూలీల అడ్డా మీద నిలబడాలి. గడియారం పెట్టుకుని నిమిషాలు లెక్కేయండి, సిలిండర్ ఎన్ని రోజులొస్తుందో రాయండి. ఇవి లేని ‘ఆహారపు అలవాట్ల’ అధ్యాయం మాకు సగం కాగితంలా కనిపిస్తుంది.

ఇంకొకటి, దసరాకో పీర్ల పండుగకో ఊరికి పోయొచ్చిన వారంలో సర్వే చేస్తే అందరి ఇళ్లలో జొన్నపిండి, కందిపప్పు కనిపిస్తాయి. ఊరి నుంచి వచ్చిన మూటకు వేరే గడి పెట్టుకోండి: ఎవరు పంపారు, ఎన్ని కిలోలు, ఎన్నాళ్లు వచ్చింది.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి 8 ప్రశ్నల ఆహార అభద్రత కొలమానాన్ని తెలుగు చేసి బస్తీల్లో అడిగాం. మొదటిదైన ‘ఆందోళన చెందారా?’కు చాలామంది ‘లేదు’ అన్నారు. ఎనిమిదోది, ‘రోజంతా తినకుండా ఉన్నారా?’కు ‘అవును’ అన్నారు. తలకిందులైంది.
– క్షేత్ర కార్యకర్త, హైదరాబాద్

జవాబు: రెండూ అడిగిన మాటలు తెచ్చిన చిక్కులే. వార్తలు వినేవారికి ఆందోళన అంటే ధర్నా. ‘మేమెందుకు చేస్తం సార్’ అని జంకుతారు. పాలమూరు వాళ్లను ‘పైసల్లేక తిండికి ఎట్లరా అని రందిపడ్డరా?’ అనండి. కోస్తా నుంచి వచ్చినవాళ్లకైతే ‘బెంగ’ చాలు.

ఎనిమిదోదానికి ‘అవును’ అన్నవారిలో ఒక్కపొద్దులు, రంజాన్ రోజాల వంటి ఉపవాసాలు కలిసిపోయి ఉంటాయి. అసలు కొలమానంలో ప్రతి ప్రశ్నకూ ‘డబ్బుగానీ మరో ఆధారంగానీ లేక’ అన్న ముక్క ఉంటుంది. విసుగనిపించి మీవాళ్లు దాన్ని మొదటి ప్రశ్న తర్వాత వదిలేసి ఉంటారు. ఎనిమిదింటికీ చదవాల్సిందే. గడువు 12 నెలలదీ ఉంది, 30 రోజులదీ ఉంది. వలస వచ్చినవాళ్లకు 30 రోజులదే నయం, లేకపోతే ఊరి కరువూ పట్నం కరువూ కలగాపులగమవుతాయి. మేస్త్రీ ముందు అడగొద్దు, భర్త ముందూ వద్దు. తాను తగ్గించుకుని పిల్లలకు పెట్టినది ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే చెబుతుంది. రేషన్ ఆఫీసు వాళ్లం కాదని మొదటే తేల్చి చెప్పండి.

ప్రశ్న: రేషన్ కార్డు ఉన్న కుటుంబాన్ని ‘భద్రత ఉన్నది’గా రాసుకోవచ్చా? మాది ఇటుక బట్టీల ప్రాంతం, ఒడిశా వాళ్లు ఎక్కువ.
– ఉపాధ్యాయుడు, రంగారెడ్డి జిల్లా

జవాబు: వద్దండి. తెలంగాణ కార్డుకు మనిషికి నెలకు 6 కిలోలనుకుంటే రోజుకు 200 గ్రాములు, అంటే సుమారు 710 కిలోకేలరీలు. బరువు పని చేసే మగవాడికి జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం రోజుకు 3470 కావాలి. ఐదో వంతు బియ్యంలో వస్తే మిగతాది కొనుక్కోవాలి.

ఒడిశా కార్డు ‘ఒకే దేశం ఒకే రేషన్’ కింద ఇక్కడా చెల్లుతుంది. కేంద్రం వాటా మాత్రమే వస్తుంది, ఇక్కడి రాష్ట్రం కలిపేది రాదు. కొంత ఇక్కడ, మిగతాది ఊళ్లో ఉన్నవాళ్లు తీసుకునే వీలుంది. అందుకని ‘కార్డు ఉందా?’ అన్న ఒక్క గడి చాలదు. కార్డు ఎక్కడుంది, పోయిన నెల ఎన్ని కిలోలు ఎవరు తెచ్చారు, మట్టి పనికి అరిగిన వేలిముద్ర మిషన్ మీద పడిందా, పడకపోతే కనుపాపతోనైనా ఇచ్చారా అన్నవి విడివిడిగా రాయండి. బట్టీ యజమాని ఇచ్చే నూకలుంటే అవి కూలిలో కోతా, అదనమా కనుక్కోండి. ఒడిశా వాళ్లు పొద్దున తినే పఖాళ మన చద్దన్నంలాంటిదే. ‘టిఫిన్ తినలేదు’ అని కొట్టేయకండి.

ప్రశ్న: సైట్ల పక్కన ఆడవాళ్లు ఏరుకునే ఆకుకూరల పేర్లు ఎలా నిర్ధారించాలి?
– పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: పేరు మీద ఆధారపడొద్దు. గోంగూరే పుంటికూర, పావలికూరే గంగవాయిలికూర. పూతతో సహా కొమ్మ కోసి, పాత పేపర్ల మధ్య బరువు పెట్టి ఆరబెట్టండి. మొదటి వారం పేపర్ రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. ఏ ఊరివారు ఏమంటారో చీటీ రాసి అంటించి, వృక్షశాస్త్ర విభాగంలో చూపించండి. కోసిన చోటు కూడా చీటీ మీద ఉండాలి. మురుగుకాలువ గట్టున కోసిన కూరనూ ఊరి చేలో కోసినదాన్నీ ఒకే వరుసలో వేయకూడదు.