చిన్నీ, ఆ సంతకం ఆదివారం దాకా ఆపు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట సేపు నీ గురించే చెప్పింది. చర్లపల్లిలో రెండో షెడ్డు కూడా తీసుకున్నావట, పద్నాలుగు మందికి జీతాలిస్తున్నావట, ఏదో ఆసుపత్రి గోడౌన్‌లో రాక్‌లన్నీ నీవేనట. వింటూ అలాగే నిలబడిపోయాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆ సంతోషం తీరకముందే, అదేమంత విషయం కాదన్నట్టు, "మొండి బాకీలన్నీ ఎవరో రికవరీ ఏజెన్సీకి అప్పజెప్పేస్తోంది వదినా, ఇక దానికి టెన్షన్ ఉండదు" అంది. అప్పటి నుంచి నాకు పట్టుకుంది టెన్షన్. ఫోన్ చేస్తే సగం విని "సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకే వాట్సాప్‌లో ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ఏజెన్సీకి ఇవ్వొద్దని కాదు. వాళ్ల అగ్రిమెంటు కాగితం చదవకుండా సంతకం పెట్టి ఇవ్వొద్దంటున్నాను.

పర్చేజ్ ఆర్డరు, సంతకం స్టాంపు ఉన్న డెలివరీ చలాను, బిల్లు, లెడ్జరు, ఇవన్నీ పార్టీవారీగా, అంటే నీ దగ్గర సరుకు కొన్న ఒక్కొక్కరికీ, ఒక్కో ఫైల్లో పెట్టు. ఇది నీకు తెలిసిందే, వదిలేద్దాం.

ఏజెన్సీ వాళ్లు ఫీజు 20 శాతం అడిగారని మీ అమ్మ అంది. దేని మీద 20 శాతం? అడిగావా? నీ బిల్లు 1,18,000 అనుకో. అందులో నీ సరుకు లక్ష, జీఎస్టీ 18,000. ఆ 18,000 పార్టీ ఇచ్చినా ఇవ్వకపోయినా బిల్లు వేసిన పాపానికి మరుసటి నెలలోనే నువ్వు కట్టేసి ఉంటావు, బాకీ మునిగిందని వెనక్కి ఇచ్చే పద్ధతి మన జీఎస్టీలో లేదు. ఇప్పుడు ఏజెన్సీ వాళ్లు మొత్తం వసూలు చేశారనే అనుకుందాం. 1,18,000 మీద 20 శాతం అంటే 23,600. వాళ్ల ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ 4,248. మొత్తం 27,848 పోగా నీ చేతికొచ్చేది 90,152. ఎప్పుడో కట్టేసిన 18,000 అందులోంచి తీసేయి, 72,152. వాళ్ల బిల్లు సరిగ్గా ఉంటే ఆ 4,248 ఇన్‌పుట్ క్రెడిట్‌లో, అంటే నువ్వు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గి, తిరిగొస్తుంది, సరే, 76,400. ఇనుము, పౌడర్ కోటింగ్, కూలీ, కరెంటు కలిపి ఆ సరుకుకి నీకు 80,000 ఖర్చయి ఉంటే, బాకీ మొత్తం వసూలైన తర్వాత కూడా 3,600 నష్టం! అదే జీఎస్టీ తీసేసిన లక్ష మీదే 20 శాతం అని రాయించుకుంటే ఫీజు 20,000, ఆ 3,600 నష్టం అక్కడికక్కడే పోతుంది. పైగా బిల్లు పాతబడే కొద్దీ వీళ్ల శాతం పెరుగుతుంది. ఫైలు ఇచ్చాక పార్టీ నేరుగా నీకే కట్టినా ఫీజు ఇవ్వాలా, సరుకు వాపసు చేస్తే ఏంటి, ఒక్క రూపాయి రాకపోయినా "ఫైలు చార్జీ" అని ఏమైనా ఉందా, చివరి పేజీ చిన్న అక్షరాల్లో వెతుకు.

ఇంత ఎందుకు సతాయిస్తున్నానంటే, 1998 సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ మామయ్యా నేనూ బాలానగర్‌లో పానెల్ బాక్సుల షెడ్డు నడిపే రోజులు, నువ్వు అప్పటికింకా పుట్టలేదు. రాణిగంజ్‌లో ఒక పార్టీ, పేరెందుకులే, మాకు 1,86,000 బాకీ పడ్డాడు. మంచివాడే. చెల్లింపులు నెమ్మది గానీ ఎగ్గొట్టే రకం కాదు. దుకాణానికి వెళితే ముందు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, ఆ తర్వాత "వచ్చే వారం అమ్మా" అనేవాడు. ఆ చాయ్ తాగీ తాగీ విసుగొచ్చింది నాకు. మీ మామయ్యకి ఆ ఏడే ఆపరేషన్, చేతిలో పైసా లేదు. ఎవరో చెబితే ఒక వసూళ్ల మనిషిని పిలిపించాను. తెల్లకాగితం మీద నా చేత్తోనే రాశాను, "బిల్లు మొత్తంపై 25 శాతం" అని. ఖర్చులకని 5,000 ముందే పట్టుకుపోయాడు.

నెల తిరక్కుండా 60,000 నగదు వసూలు చేశాడని తెలిసి సంబరపడ్డాను. సాయంత్రం వచ్చి నా టేబుల్ మీద 13,500 పెట్టాడు. మిగతాది ఏదయ్యా అంటే నా కాగితమే నాకు చూపించాడు. బిల్లు మొత్తం 1,86,000, అందులో 25 శాతం 46,500, తన వాటా ముందే తీసేసుకున్నాడు. "వసూలైన దాంట్లో" అని రాసి ఉంటే 15,000 పోయి నాకు 45,000 వచ్చేది. ఒక్క మాట తేడాకి 31,500, ఆ రోజుల్లో. మీ మామయ్య మంచం మీద నుంచే చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుని, ఒకసారి చదివి, మడిచి దిండు కింద పెట్టుకున్నారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వాటా ముట్టాక ఆ మనిషికి మిగతా 1,26,000తో పనేముంది, రావడం మానేశాడు. నేనే సిగ్గు విడిచి రాణిగంజ్ వెళ్లాను. ఆ రోజు చాయ్ రాలేదు. ఆయన తలెత్తకుండా చెప్పాడు, నా మనిషి వారాసిగూడలో వాళ్లింటికి పోయాడట, కూతురి నిశ్చితార్థం రోజున, చుట్టాలందరి ముందు, ఎనభై ఏళ్ల వాళ్లమ్మని అనకూడని మాట అన్నాడట. ఆ 60,000 పెళ్లికని దాచిందట. "మీరే పంపించారా అమ్మా?" అని అడిగాడు. కాదని ఎలా అంటాను, పంపింది నేనే కదా. బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. బాకీ ఉన్నట్టు ఒక ముక్క రాయించి సంతకం తీసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు, చూస్తుండగానే మూడేళ్లు దాటి కోర్టు దారి కూడా మూసుకుపోయింది.

కాబట్టి చిన్నీ, నువ్వు ఎవరికైనా వసూలు అప్పజెప్పావంటే నీ నోరు అద్దెకిచ్చినట్టే. వాళ్లు అన్న ప్రతి మాటా నువ్వు అన్నట్టే. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో గట్టిగా చెప్పింది. అది బ్యాంకులకీ ఫైనాన్స్ కంపెనీలకీ, నీలాంటి వాళ్ల సరుకు బాకీలకి కాదు. అందుకని నువ్వే అగ్రిమెంటులో రాయి: ఎవరింటికీ వెళ్లకూడదు, ఆఫీసుకే, పగటిపూటే. డబ్బు నేరుగా నీ ఖాతాలోకే రావాలి, నగదు ముట్టకూడదు. ఫీజు వసూలైన దాని మీదే, వచ్చినంత వరకే. ఒప్పుకోకపోతే వేరే వాళ్లని చూడు.

ఇంకోటి, "ఆ ఫీజు కూడా పార్టీ మీదే వేసేస్తా" అన్నావట. నవ్వొచ్చింది. ఎవరిమీద పడితే వాళ్లమీద వేయడానికి అదేమన్నా ఆటో చార్జీనా? ముందే ఆర్డర్లోనో అగ్రిమెంటులోనో వసూలు ఖర్చులు పార్టీయే భరించాలని రాసి వాళ్ల సంతకం ఉంటే అడగొచ్చు. అప్పుడు కూడా 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు న్యాయమనిపించినంతే ఇప్పిస్తుంది, రాసుకున్నదంతా కాదు. బిల్లు కింద నువ్వొక్కదానివే అచ్చు వేయించుకున్న "24 శాతం వడ్డీ" లైను మీద ఆశ పెట్టుకోకు.

అంతకంటే పెద్ద ఆయుధం నీ దగ్గరే ఉంది, నువ్వు వాడటం లేదు. నీది సొంత తయారీ, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం (ఎంఎస్ఎంఈ చట్టం) ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు అందిన 15 రోజుల్లో, ఉంటే ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో వాళ్లు కట్టాలి. 90 రోజులని రాసుకున్నా చెల్లదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే "బ్యాంక్ రేటు" అనే వడ్డీ రేటుకి మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు మారుతూ ఉంటుంది, 2024లో 6.75 ఉండేది, ఆ లెక్కన ఏడాదికి 20.25 శాతం, నెలకి 1.6875. నాలుగు లక్షల మీద మొదటి నెల వడ్డీ 6,750. రెండో నెల 4,06,750 మీద, 6,864. అలా ఏడాది తిరిగేసరికి దాదాపు 88,950. ఇది పార్టీ నీకివ్వాల్సింది, నువ్వు ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు. ఇవ్వకపోతే ఇలాంటి బాకీల తగవులు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. అక్కడ ఓడిపోయి కోర్టుకెళ్లాలంటే కౌన్సిల్ కట్టమన్న దాంట్లో 75 శాతం వాళ్లు ముందు డిపాజిట్ చేయాలి. మా కాలంలోనూ 1993 చట్టం ఒకటి ఉండేదట, మాకు చెప్పిన నాథుడు లేడు. నువ్వు బయట కొని అమ్మే కుర్చీలకి మాత్రం ఇది పనిచేయదు, తయారుచేసిన వాటికే.

ఓనర్‌కి ఫోన్ చేయడం మానేసి వాళ్ల అకౌంటెంట్‌కి చెయ్యి. నీ బిల్లు గడువు దాటి మార్చి 31కి బాకీగా ఉండిపోతే ఆ ఏడాది ఆదాయపు పన్నులో వాళ్లకి అది ఖర్చు కింద రాదు. బిల్లు వేసి 180 రోజులు దాటితే దాని మీద వాళ్లు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఈ రెండూ ఫిబ్రవరిలో నెమ్మదిగా గుర్తుచేస్తే చాలు, అకౌంటెంటే ఓనర్ ప్రాణం తీస్తాడు.

చెక్కు బౌన్స్ అయితే, ఆ సంగతి బ్యాంకు నీకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లో పార్టీకి నోటీసు పంపాలి, మర్చిపోకు. మూడేళ్ల గడువు సంగతి పైన చెప్పాను. ప్రతి ఏప్రిల్‌లో ప్రతి పార్టీ దగ్గరా బాకీ ఇంత అని రాయించి సంతకం, స్టాంపు తీసుకో, అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

ఆదివారం లెడ్జరు తీసుకుని కుషాయిగూడ రా. ఎవరు నిజంగా లేక ఇవ్వట్లేదో, ఎవరు ఉండీ తిప్పుతున్నారో ఇద్దరం కూర్చుని విడదీద్దాం. ఆ రెండో రకం వాళ్లని ఏజెన్సీకి ఇచ్చుకో, నేనేమీ అనను. గోంగూర పచ్చడి చేసి పెడతాను, మీ అమ్మకీ ఒక సీసా పట్టుకెళ్లు.

అన్నట్టు నా వంటింటికి ఒక రాక్ పంపుతానన్నావు కదా. ఊరికే వద్దు, బిల్లు వేసి పంపు. ఒప్పందం ఏమీ రాసుకోలేదు కాబట్టి పదిహేను రోజుల్లో కట్టేస్తాను.

మీ అత్త