షూలు మార్చినా బండి ఆగట్లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోర్క్‌లిఫ్ట్ బ్రేకులవే. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను, పొడుగ్గా ఉన్నవాటిని కుదించాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: సార్, మాది 2.5 టన్నుల డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్. రెండు నెలల కిందటే బ్రేక్ షూలు మార్పించాం. మళ్లీ బ్రేక్ పట్టడం లేదు, గట్టిగా తొక్కితే బండి కుడివైపుకి లాగుతోంది. విప్పి చూస్తే ఎడమ చక్రం షూలు తడిగా ఉన్నాయి. మెకానిక్ ఏమో "సరుకు నాసిరకం, వేరే కంపెనీవి తెప్పిద్దాం, అప్పటిదాకా పెట్రోలుతో కడిగి నడపండి" అంటున్నాడు. కడిగితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. షూ మీదుండే రాపిడి పొర, అంటే లైనింగ్, పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల సన్నసన్న రంధ్రాలుంటాయి, నూనె పీల్చుకుంటుంది. కడిగి ఆరబెడితే పైన పొడిగా కనిపిస్తుంది, నాలుగుసార్లు బ్రేక్ వేసి డ్రమ్ వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. కొంతమంది మంటమీద కాలుస్తారు, అది ఇంకా అన్యాయం. తడిసిన లైనింగ్ పారేయాల్సిందే, అదీ ఒక్క చక్రానికి కాదు, రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒకవైపు కొత్తవి, ఒకవైపు పాతవి ఉంటే లాగడం ఎక్కడికీ పోదు.

అయితే మీ మెకానిక్‌ని నేను అడిగేది వేరే. షూలు ఏ కంపెనీవైతే ఏం గానీ, ఆ తడి ఎక్కడిది? అది తెలుసుకోకుండా కొత్తవి వేస్తే ఇంకో రెండు నెలలకి మీరు నాకు ఇదే ఉత్తరం రాస్తారు.

వచ్చే దారులు రెండే. షూలని డ్రమ్ముకేసి తోసే వీల్ సిలిండర్ కారితే బ్రేక్ ఆయిల్, చక్రం మధ్యలో ఆయిల్ బయటికి రాకుండా ఆపే హబ్ సీల్ పోతే యాక్సిల్‌లోని గేర్ ఆయిల్. వేలికి రాసుకుని చూడండి. గేర్ ఆయిలైతే చిక్కగా, జిడ్డుగా ఉండి గంధకం కంపు కొడుతుంది, ఒకసారి వాసన చూసినవాడు మర్చిపోడు. బ్రేక్ ఆయిల్ పలచగా ఉంటుంది, పెయింట్ తగిలిన చోట పొక్కు లేచి ఊడుతుంది. వీల్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు టోపీని కొద్దిగా పైకి లాగి చూడండి, లోపల చుక్క కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మీ ఉత్తరం బట్టి నా అనుమానం హబ్ సీల్ మీద. సీల్ పీకి కొత్తది కొట్టేసి ఊరుకోకండి. సీల్ పెదవి ఆనే చోట గోరు అడ్డంగా గీసి చూడండి, గోరు తట్టుకుందంటే అక్కడ గాడి పడింది, ఎంత మంచి సీల్ వేసినా కారుతుంది. ఇంకోటి, యాక్సిల్ పైన బొటనవేలంత మూత ఒకటి ఉంటుంది, బ్రీదర్ అంటాం. దాన్ని చాలామంది జన్మలో ముట్టుకోరు. అది దుమ్ము, గ్రీజు కలిసి గడ్డకట్టి మూసుకుపోతే, యాక్సిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలికి దారి ఉండదు, ఆ ఒత్తిడికి ఆయిల్ సీల్‌ని తోసుకుని డ్రమ్ములోకి వస్తుంది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకే బండికి మూడు నెలల్లో రెండుసార్లు షూలు, రెండుసార్లు సీళ్లు మార్చాను. మూడోసారి మా మేస్త్రి వచ్చి, ఏమీ మాట్లాడకుండా సన్న తీగతో ఆ మూత పొడిస్తే, ఉస్సుమని గాలి వచ్చింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

ప్రశ్న: అన్నా, కార్ల బ్రేకులు చాలా చేశాను. ఇప్పుడు మొదటిసారి ఫోర్క్‌లిఫ్ట్ బ్రేకులు మార్చమన్నారు. రెండూ డ్రమ్ములే కదా, తేడా ఏముంటుంది?

జవాబు: డ్రమ్ములోపల తేడా తక్కువే తమ్ముడూ, బయటే ఎక్కువ.

మొదటిది బరువు. 2.5 టన్నులు ఎత్తే బండి తానే దాదాపు 4 టన్నులు తూగుతుంది, నీ కార్ల జాకీ దానికి బొమ్మ. పైగా ముందున్న లోడుకి సరితూగేలా వెనక బరువు పెట్టిన మామూలు ఎదురుబరువు ఫోర్క్‌లిఫ్ట్‌కి బ్రేకులు ఉండేది ముందు రెండు చక్రాలకే, హ్యాండ్‌బ్రేక్ పట్టేదీ వాటినే. ముందు చక్రాలు లేపావంటే వెనక చక్రాలు దొర్లడానికి సిద్ధంగా ఉంటాయి, నువ్వు లాగిన హ్యాండ్‌బ్రేక్ గాల్లో ఉన్న చక్రాలని పట్టుకుని కూర్చుంటుంది! అందుకని చదును నేలమీద ఆపి, ఫోర్కులు దించి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టాకే మిగతా పని. చాలామంది మాస్ట్‌ని (ఫోర్కులు ఎక్కి దిగే నిలువు చట్రం) పూర్తిగా వెనక్కి వంచి, దాని బయటి పట్టీల కింద గట్టి కర్ర దిమ్మలు పెట్టి, మాస్ట్‌ని ముందుకి వంచి చక్రాలు లేపుతారు. నీ బండి మాన్యువల్ ఒప్పుకుంటే అలా లేపు, కానీ లేచాక ఫ్రేమ్ కింద కూడా దిమ్మలు పెట్టు. హైడ్రాలిక్ పట్టుకున్న బరువు కింద చెయ్యి పెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానుకో. ఆ తర్వాత తాళం తీసి జేబులో వేసుకో, బ్యాటరీ వైరు విప్పు.

రెండోది చక్రం. ఇది మాత్రం రెండుసార్లు చదువు. గాలి టైరున్న ఫోర్క్‌లిఫ్ట్‌లకి చాలావాటికి రిమ్ రెండు ముక్కలుగా ఉండి, బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ బోల్టుల నట్లు ఒక వరుస, చక్రాన్ని హబ్‌కి పట్టే నట్లు ఇంకో వరుస, పక్కపక్కనే ఉంటాయి. కార్లలో ఒకటే వరుస కాబట్టి ఏది కనిపిస్తే దానికి పానా పెట్టే అలవాటు నీకు ఉంటుంది. లోపల గాలి 100 పీఎస్ఐ దాటి ఉంటుంది. గాలి ఉండగా రిమ్ నట్లు విప్పావంటే ఆ సగం రిమ్ బాంబు ముక్కలా ఎగిరొస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి బతకడం కష్టం. చక్రం నట్లకి పానా పెట్టకముందే వాల్వ్ పిన్ను తీసేసి, సన్న తీగ దూర్చి చూసి, గాలి మొత్తం పోయిందని రూఢి చేసుకో. ఘన రబ్బరు టైర్లకి ఈ గొడవ లేదు.

డ్రమ్ము తీశాక దుమ్ముని ఎయిర్ గన్‌తో ఊదకు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఏ బండిలో ఏ లైనింగ్ ఎప్పుడు వేశారో ఎవరికి తెలుసు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడువు, మూతికి కట్టుకునే రుమాలు కాదు, సరైన మాస్క్ పెట్టుకో.

ఇక లోపల. ఒకవైపే విప్పు, రెండోవైపు ముట్టుకోకు, స్ప్రింగులు ఎటు పెట్టాలో మర్చిపోయినప్పుడు అదే నీ పుస్తకం. ఫోన్‌లో ఫోటో తియ్యి సరే, కానీ ఫోటోలో వెనక ఉన్న స్ప్రింగు కనిపించదు. షూలకీ డ్రమ్ముకీ ఎడం సరిచేసే, పళ్ల చక్రం ఉన్న అడ్జస్టర్‌కి ఎడమవైపు దానికి ఒక రకం మర, కుడివైపు దానికి ఎదురు మర ఉంటుంది. రెండూ పక్కపక్కన కడిగిపెట్టి, ఏది ఎటుదో తెలియక అటుదిటు వేశావనుకో, ఆటోమేటిక్‌గా బిగుసుకోవాల్సింది బ్రేక్ వేసిన ప్రతిసారీ వదులవుతూ పోతుంది. ఇచ్చిన రోజు బ్రహ్మాండంగా ఆగుతుంది, వారానికి పెడల్ నేలకి తగులుతుంది, తప్పు ఎక్కడుందో నీ బుర్రకి అందదు.

హబ్ మళ్లీ ఎక్కించేటప్పుడు బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టు, చేత్తో తిప్పుతూ నట్టు బిగించి, మాన్యువల్ చెప్పినంత వెనక్కి వదిలి, లాక్ వాషర్ నాలుక వంచు. విరిగిన నాలుక వాషర్ మళ్లీ వాడకు. డ్రమ్ము లోపలి కొలత తీసుకో, ఎంతవరకు అరగొచ్చో చాలా డ్రమ్ముల మీదే పోతపోసి ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ముందే వదులు చెయ్యి, అరిగిన పాత షూలకి బిగించిన కేబుల్‌తో కొత్త షూలమీద డ్రమ్ము ఎక్కదు. ఎక్కట్లేదని సుత్తి తీసుకునేవాళ్లని చూశాను.

చివరగా బ్రేక్ లైన్లలోని ఎయిర్ తీసి, ఇంచింగ్ పెడల్ (బండిని కొద్దికొద్దిగా జరపడానికి వాడేది) ఉంటే అదీ సెట్ చెయ్యి. ఆ పెడల్ మొదట గేర్‌బాక్స్ క్లచ్ వదలాలి, ఆ తర్వాత బ్రేక్ పట్టాలి. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటే అటు క్లచ్ ప్లేట్లు, ఇటు నీ కొత్త షూలు, రెండూ కాలతాయి.

ప్రశ్న: రాత్రి షిఫ్టులో హెల్పర్ బ్రేక్ ఆయిల్ ట్యాంకులో హైడ్రాలిక్ ఆయిల్ పోశాడు. పొద్దున్నే చూసి తీసేసి బ్రేక్ ఆయిల్ పోశాం. బండి బాగానే ఉంది. భయపడాలా?

జవాబు: మీ బండికి ఏ ఆయిల్ పోయాలో ముందు మూతమీద చదవండి. కొన్ని ఫోర్క్‌లిఫ్ట్‌ల బ్రేకులు మినరల్ ఆయిల్‌తోనే (హైడ్రాలిక్ ఆయిల్ సాధారణంగా ఆ రకమే) నడుస్తాయి, అలాంటి బండైతే రాత్రి హెల్పర్ చేసింది రైటు కావచ్చు, పొద్దున మీరు చేసిందే తప్పు! డాట్ 3 (మామూలు బ్రేక్ ఆయిల్ రకం) అని ఉంటే మాత్రం తప్పు అతనిదే. డాట్ 3 కోసం చేసిన రబ్బరుకి మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది. ఒక్క పూటలో తెలియదు, కొన్ని రోజులకి బ్రేక్ వదలకుండా పట్టేస్తుంది. ఎంత లోపలికి వెళ్లిందో తెలుసుకోవడానికి, వీల్ సిలిండర్ దగ్గర ఎయిర్ తీసే నిపుల్ విప్పి కొంచెం ఆయిల్ తీసి గ్లాసు నీళ్లలో వేయండి. డాట్ 3 నీళ్లలో కలిసిపోతుంది, మినరల్ ఆయిల్ పైన తేలుతుంది. తేలితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి తోసేది) కిట్, వీల్ సిలిండర్ కిట్లు, రబ్బరు పైపులు అన్నీ మార్చి లైన్లు కడగాలి. తేలకపోయినా మాస్టర్ సిలిండర్ కిట్ మార్చేయమంటాను, తడిసింది ముందు అదే కదా.

ప్రశ్న: నేను ఆపరేటర్‌ని. రెండుసార్లు పంప్ చేస్తే గానీ బ్రేక్ పడట్లేదు. చెప్తే సూపర్‌వైజర్ "పడుతోంది కదా, నడుపు" అంటాడు. రోజూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తాళం తీసి, బండికి ట్యాగ్ కట్టి, రోజువారీ చెకింగ్ పుస్తకంలో "పెడల్ రెండోసారికి గానీ పట్టడం లేదు" అని టైముతో సహా రాసి సంతకం పెట్టండి. నోటితో చెప్పింది గాలికి పోతుంది, కాగితం మీదిది పోదు. ఎవరైనా వాదిస్తే ఈ లెక్క చెప్పండి: గంటకి 10 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 2.8 మీటర్లు. కాలు ఎత్తి రెండోసారి తొక్కడానికి అర సెకను పట్టినా 1.4 మీటర్లు పోతుంది, మామూలు ఫోర్కుల పొడవు కన్నా అది ఎక్కువ. అంటే ఫోర్కు మొత్తం దిగబడేంత దూరం.

మెకానిక్ వచ్చాక అతనికి "బ్రేక్ బాలేదు" అని చెప్పొద్దు, పెడల్ ఎలా ఉందో చెప్పండి, సగం పని అయిపోతుంది. పంప్ చేస్తే గట్టిపడి నిలిస్తే షూలకీ డ్రమ్ముకీ ఎడం ఎక్కువైనట్టు. స్పాంజిలా మెత్తగా ఉంటే ఎయిర్. నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతూ, బయట ఎక్కడా లీకేజీ లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపల సీల్ పోయినట్టు. మెకానిక్‌లకి కూడా ఒక మాట. "ఈ ఒక్క షిఫ్టూ నడిచేలా చెయ్యి" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బ్రేక్ విషయంలో ఆ మాటకి నేను ఒకసారి తలూపాను, ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ తలూపలేదు.

ప్రశ్న: ఆరేళ్లుగా కార్ల మెకానిక్‌ని. ఫోర్క్‌లిఫ్ట్ వైపు మారదామనుకుంటున్నా. అన్నీ ఎలక్ట్రిక్ అయిపోతే ఈ పని ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కాకపోతే వేరే పని అవుతుంది. ఎలక్ట్రిక్ బండి యాక్సిలరేటర్ వదిలితే మోటారే జనరేటర్‌లా తిరిగి వేగం తగ్గిస్తుంది, షూలు అరగడం తక్కువ. మంచిదే కదా అనుకుంటాం, కానీ పని లేని షూ కూడా పాడవుతుంది: అద్దంలా నునుపెక్కుతుంది, డ్రమ్ము తుప్పు పడుతుంది, సిలిండర్ పిస్టన్లు బిగుసుకుంటాయి. గోదాముల్లో ఎత్తైన అరలకి అందే రీచ్ ట్రక్కుల్లాంటి వాటిలో పార్కింగ్‌కి స్ప్రింగు బలంతో పట్టే బ్రేక్ ఉంటుంది, కరెంటు వస్తేనే వదులుతుంది. కరెంటు పోతే బండి ఆగిపోతుంది, అది రోగం కాదు, దాని గుణం. అక్కడ పానా కన్నా మల్టీమీటర్ ఎక్కువ పని చేస్తుంది. కంట్రోలర్ కెపాసిటర్లలో బ్యాటరీ విప్పాక కూడా చార్జి నిలిచి ఉంటుందని మాత్రం చెయ్యి పెట్టకముందు గుర్తుంచుకోండి.

మీకు బ్రేకులు, ఇంజిన్ వచ్చు కాబట్టి సగం దారి వచ్చేసినట్టే. హైడ్రాలిక్స్ నేర్చుకోండి, వైరింగ్ డయాగ్రామ్ చదవడం నేర్చుకోండి, మాస్ట్ చైను కొలవడం నేర్చుకోండి (3 శాతం సాగితే మార్చేయాలి). కారు మీ షెడ్డుకి వస్తుంది, ఫోర్క్‌లిఫ్ట్ దగ్గరికి మీరే వెళ్లాలి, దుమ్ములో, చలిగిడ్డంగిలో, లోడింగ్ ఆగిపోయి పదిమంది నెత్తిమీద నిలబడి ఉండగా. నాకు అదే నచ్చింది. మా తమ్ముడికి నచ్చక ఏడాదికే కార్లకి తిరిగి వెళ్లిపోయాడు.

ప్రశ్న: హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

జవాబు: ఎదురుబరువు బండికి సాధారణంగా అడిగేది, పూర్తి లోడుతో 15 శాతం వాలుమీద నిలబడాలని, అంటే 100 మీటర్లకి 15 మీటర్లు ఎక్కే వాలు. అది మెకానిక్ సరైన ఏర్పాట్లతో చేయాల్సిన పరీక్ష, మీరు ర్యాంపు మీద లోడు పెట్టి చేసి చూడకండి. మీకు చేతిలోనే తెలిసేది ఒకటుంది. లివర్ చివర్లో పట్టుబడి, తట్టుమని పడాలి. చిటికెన వేలితో లాగినా వచ్చేస్తోందంటే వదులైంది.

ప్రశ్న: నిన్ననే కొత్త షూలు వేశాను. అరగంట నడిపితే డ్రమ్ములు చెయ్యి పెట్టలేనంత వేడి, పొగ వాసన. కొత్తవి కదా, సర్దుకుంటాయా?

జవాబు: మొదటి రోజు కాస్త వాసన మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడి మామూలు కాదు. ముందు చక్రాలు లేపి చేత్తో తిప్పి చూడండి. రెండూ బిగుతుగా ఉండి, నిపుల్ విప్పగానే చుక్క చిమ్మి చక్రం వదులైతే లోపల ఒత్తిడి నిలిచిపోతోంది. పెడల్‌కి ఫ్రీ ప్లే (బ్రేక్ పట్టకముందు ఉండే కొద్దిపాటి వదులు) లేకుండా, పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే పుష్‌రాడ్ బిగించి ఉంటారు, దాంతో మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ ట్యాంకులోకి తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. నిపుల్ విప్పినా వదలకపోతే షూలే ఎక్కువ బిగించినట్టు, లేదా హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లాగి ఉన్నట్టు. పుష్‌రాడ్ అయితే లాక్ నట్టు వదిలి, పెడల్‌కి మాన్యువల్ చెప్పిన ఫ్రీ ప్లే వచ్చేదాకా పొడవు తగ్గించి, డ్రమ్ములు చల్లారాక ఇంకో అరగంట నడిపి చూసి రాయండి.