అందరూ ఒకే పల్లంలో ఉంటే ఆదుకునేదెవరు?

ప్రశ్న: మేం ఉండేది చల్లగా, పొడిగా ఉండే ఎత్తు ప్రాంతం. అమ్మానాన్న, చెల్లి కుటుంబం సముద్రం దగ్గర పల్లపు ఊళ్లో ఉంటారు. పెద్దవాళ్లకు దగ్గరగా ఉండాలని అక్కడ ఇల్లు చూశాం. డౌన్‌ పేమెంట్‌కు పర్సనల్‌ లోన్‌, మిగతాదానికి గృహరుణం తీసుకుంటాం. చేతిలో రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బుంది. బాబుకు ఉబ్బసం. కొనమంటారా?

జవాబు: వెళ్లండి, కానీ ఇల్లు ఇప్పుడే కొనకండి. ఒకే ఇంటి మీద రెండు అప్పులు చేసి, రెండు నెలల డబ్బుతో కొత్త వాతావరణంలో కాపురం పెడతామంటే నేను ఒప్పుకోలేను. డౌన్‌ పేమెంట్‌కు కూడా అప్పు చేయాల్సి వస్తోందంటే, ఆ ఇల్లు ప్రస్తుతానికి మీ స్తోమతకు మించినదే. అయినవాళ్ల ఊరు కదా, మనకు తెలిసిందే కదా అని చాలామంది ఇలాగే దిగుతారు. వాళ్లకు తెలిసింది సెలవుల్లో చూసిన ఊరు మాత్రమే.

తేమ గాలిలో చెమట ఆరదు. ఇప్పుడు ఫ్యానుతో గడిచిపోయే ఎండకే అక్కడ ఏసీ వేయాల్సి వస్తుంది. ఉప్పు గాలికి కిటికీ ఊచలు, ఏసీ బయటి యూనిట్‌, చివరికి స్లాబులోని కడ్డీలు కూడా తుప్పు పడతాయి. గోడలకు చెమ్మ, బూజు పట్టడం మామూలే. ఉబ్బసం ఉన్న పిల్లలకు బూజు అసలు పడదు.

ఇక వరద. వందేళ్లకోసారి వచ్చే వరద అంటే, ఒకసారి వచ్చి వెళ్తే మరో వందేళ్లు నిశ్చింత అని కాదు. ఏటా 1 శాతం అవకాశం ఉందని. 30 ఏళ్ల గృహరుణం తీరేలోగా కనీసం ఒక్కసారైనా అది వచ్చే అవకాశం దాదాపు 26 శాతం.

మీరు లెక్కలో వేసుకోనిది ఇంకొకటుంది. ఇవాళ అమ్మానాన్నల ఇంట్లోకి నీళ్లొస్తే ఎక్కడికి వస్తారు? ఎత్తు మీదున్న మీ ఇంటికే. మీరూ ఆ పల్లంలోకే వెళితే మూడు కుటుంబాలు ఒకే రోజు ఇబ్బందుల్లో పడతాయి, చెల్లి మీకు గానీ మీరు చెల్లికి గానీ సాయపడలేరు. అందుకే మామూలుగా ఆరు నెలలు చాలనే నేను, మీకు తొమ్మిది నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి ఉండాలంటాను. అది అడిగిన రోజే చేతికొచ్చేలా బ్యాంకులో ఉండాలి, ఇంటి గోడల్లో కాదు. అది పోగయ్యేదాకా ఏ అప్పూ వద్దు.

ముందు అద్దెకు దిగండి, అదీ ఉక్కపోత, వానలు ఎక్కువగా ఉండే నెలల్లో. అదే చుట్టుపక్కల కాస్త మెరక మీద ఇల్లు దొరికితే మరీ మంచిది. పెద్దవాళ్లే మీ దగ్గరికి వస్తారేమో కూడా అడగండి. ఆరోగ్య బీమా పాలసీని మాత్రం మధ్యలో వదలకండి, కొత్తది తీసుకుంటే బాబు ఉబ్బసానికి వెయిటింగ్‌ పీరియడ్‌ (ముందే ఉన్న జబ్బుకు బీమా వర్తించని తొలి కాలం) మళ్లీ మొదలు కావచ్చు.

ఎప్పుడు కొన్నా, అడ్వాన్సు ఇచ్చేముందే ఆ ఇంటికి వరద నష్టం కూడా వర్తించే బీమా ఎంతకు ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీలు వెనకాడితే ఆ ఇల్లు వదిలేయండి.