సరిహద్దు గురించి పార్లమెంటులో ప్రశ్నలు వేస్తే లాభమేంటి?

మీరు అడిగింది ఇది: మంత్రులు "దేశ భద్రత" అని దాటేస్తారు, పక్క దేశంతో చర్చలు తలుపులు మూసుకుని చేస్తారు, ఇక ఎంపీలు అడిగి ఏం లాభం? మాది కావలి. 2020లో మా తమ్ముడు లడఖ్‌లో డ్యూటీలో ఉన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది చెప్తాను.

జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. తమ్ముడి ఫోన్ మూడు రోజులు కలవలేదు. నాలుగో రోజు, "బాగుండా అన్నా, అమ్మకు చెప్పు" అని పెట్టేశాడు. టీవీ పెడితే టెన్షన్ తప్ప ఏమీ తెలిసేది కాదు. అమ్మకు కావాల్సింది ఒక్కటే: "ఆ చలికి వాడికి ఏమిచ్చారో కనుక్కోరా." ఒక ఎంపీ ఆఫీసుకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

సెప్టెంబరులో సభ పెట్టారు కానీ, కోవిడ్ అని ప్రశ్నోత్తరాల సమయమే తీసేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం మిగిలాయి. అది తప్పని నేను ఇప్పటికీ అంటాను. 15వ తేదీన రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో ప్రకటన చేశారు. నెట్ సెంటర్లో మొత్తం ప్రింట్ తీయించి, ఇంట్లో అమ్మకు ఒక్కో లైను తెలుగులో చెప్పాను. లడఖ్‌లో 38,000 చదరపు కిలోమీటర్లు చైనా ఆక్రమణలో ఉందన్న మాట ఆమెకు పట్టలేదు. అంత ఎత్తులో మన జవాన్లకు తగిన బట్టలు, వసతి ఏర్పాటు చేశామన్న చోట, "ఆ ముక్క మళ్లీ చదువు" అంది. ఆ రాత్రి కడుపునిండా అన్నం తినింది.

టీవీలో ఎవరేమన్నా మర్నాటికి మాట మార్చుకోవచ్చు. సభలో మంత్రి చెప్పింది రికార్డులో ఉండిపోతుంది. "చూస్తాం, పరిశీలిస్తాం" అని హామీ ఇచ్చినా మూడు నెలల్లో నెరవేర్చాలి, దానిపై నిఘాకు ఒక కమిటీయే ఉంది.

రహస్యాలు అడగకూడదని సభ నిబంధనల్లోనే ఉంది. దళాలు ఎక్కడున్నాయో, ఎటు కదులుతున్నాయో బయటపెట్టమని నేనూ అనను, అక్కడున్నది మావాడే. చర్చలు నడిచేటప్పుడు గుట్టు ఉండనీ, ఒప్పందం కుదిరాక మాత్రం సభకు చెప్పి తీరాలి. లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దగ్గర రెండు దేశాల బలగాలు వెనక్కి తగ్గే ఒప్పందం గురించి 2021 ఫిబ్రవరి 11న రాజ్‌నాథ్ సింగ్ సభలోనే చెప్పారు. అక్కడే ఉన్న దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ సంగతి తేలేసరికి 2024 అక్టోబరు అయింది. దాని మీద విదేశాంగ మంత్రి జైశంకర్ డిసెంబరు 3న లోక్‌సభలో మాట్లాడారు.

మీ ఎంపీకి ప్రశ్న పంపాలనుకుంటే ముందు శాఖ సరిగ్గా చూసుకోండి. చర్చల సంగతైతే విదేశాంగ శాఖ. సైన్యం, సరిహద్దు రోడ్లు రక్షణ శాఖవి. సరిహద్దు కాపలా కాసే బీఎస్‌ఎఫ్, ఐటీబీపీ దళాలు మాత్రం హోం శాఖ కింద ఉంటాయి, చాలామంది ఇక్కడే పొరబడతారు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. స్టార్డ్ ప్రశ్న అయితే మంత్రి లేచి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. కానీ లోక్‌సభలో రోజుకు అలాంటివి 20 మాత్రమే. అందుకే "సరిహద్దు పరిస్థితి ఏమిటి" అని అడగొద్దని చెప్పండి. ఫలానా రోడ్డుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎప్పటికి పూర్తవుతుంది అని అడిగించండి.