చేపపిల్లల సంగతి తర్వాత, ముందు ఆ గుంటలో ఎవరున్నారో చూడండి

"పొలంలో అరెకరం గుంట ఉంది, వానలకి సగం నిండింది, బొచ్చె (కట్ల) వేయాలా శీలావతి (రోహు) వేయాలా, ఈ వారంలోనే వేసేయొచ్చా" అని అడిగారు. ఏ పిల్లలు వేయాలో నాలుగు ముక్కలు చివర్లో చెప్తాను. కానీ ఆ గుంటలో ఇప్పటికే ఎవరు కాపురం ఉంటున్నారో చూసుకోకుండా ఈ వారంలో పిల్లలు వేశారంటే మాత్రం మీరు చేపలు పెంచినట్టు కాదండీ, కొర్రమీనులకి భోజనం పెట్టినట్టు. నేను గట్టిగానే చెప్తున్నా, మా వైపు చిన్న గుంటల్లో నష్టపోయిన వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పోయారు, మేత దగ్గర కాదు జబ్బుల దగ్గరా కాదు.

మాది కైకలూరు పక్క పల్లె. మా నాన్న వరి మానేసి చెరువు తవ్వించిన దగ్గర్నుంచి ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఇదే గోల. ఈ జవాబు కోసం నేను చెప్పేది మాత్రం మా మేనమామ గుంట సంగతి. ఇంటి వెనకాల చిన్న గుంట, ఎప్పుడో ఇల్లు కట్టేటప్పుడు మట్టి తీస్తే ఏర్పడింది, అరెకరం కూడా ఉండదేమో. అందులో పిల్లలు తెచ్చి పోశాడు, తవుడు, వేరుశనగ చెక్క అన్నీ టైముకి వేశాడు, మనిషి కష్టపడేవాడే. ఏడాది తిరిగాక వల లాగితే పోసినదానికి వచ్చినదానికి సంబంధమే లేదు. పిల్లలు అమ్మినవాడు మగ్గు లెక్కలో మోసం చేశాడని ఊరంతా చెప్పుకున్నాడు. మోసాలు జరగవని నేననను, మగ్గుతో కొలిచేటప్పుడు నీళ్ళెక్కువ పిల్లలు తక్కువ వచ్చేలా ముంచే వాళ్ళని చూశాను, మీరు కొనేటప్పుడు మొదటి మగ్గు ఒకటి పళ్ళెంలో పోయించి దగ్గరుండి లెక్కపెట్టించండి, మొహమాటపడొద్దు. కానీ మామయ్య గుంటలో జరిగింది అది కాదు. మా నాన్న ఒక్కటే మాట అన్నాడు, "దొంగ బయట లేడురా, నీ గుంటలోనే ఉన్నాడు" అని.

మామయ్య ఒప్పుకోలేదు. ఇంజను పెట్టి నీళ్ళన్నీ తోడించాడు, నడిమధ్యలో జానెడు లోతు మిగిలింది, అంతా బురద. "చూడు బావా, ఒక్క చేప కూడా లేదు, ఎండిపోయిన గుంటకి మందేంటి, డబ్బులు ఎక్కువయ్యాయా" అన్నాడు. నాన్న ఏం మాట్లాడకుండా ముందురోజు సాయంత్రమే ఇప్పచెక్క, అదే ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి, తెచ్చి ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నానబెట్టించాడు. పొద్దున్నే మూత తీస్తే ముదురు గోధుమ రంగు నీళ్ళు, కర్రతో తిప్పుతుంటే కుంకుడుకాయ నురగ లాగ పైకి పొంగింది, అదో రకం పులిసిన వాసన. ఆ నురగ వస్తేనే చెక్క మంచిదని మా నాన్న లెక్క. ఊక కలిపి అమ్మే వాళ్ళున్నారు, అది నానబెడితే నురగ సరిగ్గా రాదు, బస్తాలు దింపించుకునే ముందే గుప్పెడు సీసాలో వేసి ఊపి చూసుకోండి.

బకెట్లతో ఆ నీళ్ళు, పిప్పి అంతా గుంటలో చల్లి, ఇద్దరు కూలీలని దింపి బురదంతా కాళ్ళతో తొక్కించారు. ఈ తొక్కించడం చాలామంది వదిలేస్తారు, మందు పైపైన నీళ్ళలోనే ఉండిపోతే కింద బురదలో ఉన్నవాటికి ఏమీ అవ్వదు. కాసేపటికి పరిగెలు తేలాయి, వెండి రేకుల్లా పక్కకి తిరిగి పైకొచ్చాయి. తర్వాత జెల్లలు, చైనా గొరకలు. మామయ్య మొహం అప్పటికే మారింది, అన్ని పరిగెలు ఆ జానెడు నీళ్ళలో ఉంటాయని ఎవరూ అనుకోలేదు. అయినా "ఇవేం తింటాయి బావా నా పిల్లల్ని" అంటూనే ఉన్నాడు. నాన్న గట్టు మీద కూచుని "ఆగు, అసలువాళ్ళు ఆలస్యంగా వస్తారు" అన్నాడు.

ఇప్పచెక్కలో ఉండే సాపోనిన్ చేప రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడుతుంది, ఊపిరి అందక చస్తాయి. కొర్రమీనుకి, మార్పు అనే చేపకి నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది కాబట్టి అవి ఎక్కువసేపు ఓర్చుకుంటాయి. తేలినవి ఏరుకుని పని అయిపోయిందని ఇళ్ళకి వెళ్ళిపోయే వాళ్ళు అక్కడే దెబ్బతింటారు. ఎండ బాగా ఎక్కాక, తూటికాడ వేళ్ళు దిగిన ఒడ్డు దగ్గర బురద కదిలింది. ముందు తల, పాము తలలాగే ఉంటుంది కదా, కళ్ళ మీద బురద పూత, నోరు తెరిచి మూసి తెరిచి మూసి గాలి మింగుతోంది. కూలీ ఒకతను తువ్వాలు వేసి పట్టుకుంటే జారిపోయి మళ్ళీ పట్టుకున్నాడు, ఒళ్ళంతా జిగురు. మోచేతి పొడుగు ఉంది. దాని తర్వాత ఇంకోటి, గట్టు కింద బొరియలోంచి ఇంకో రెండు, మట్టగిడసలైతే బుట్టెడు. ఈ కొర్రమీను నీళ్ళు తగ్గితే బురదలోకి దూరి తడి ఉన్నంతకాలం నెలల తరబడి బతుకుతుంది, ఇంజనుతో నీళ్ళు తోడేసినంత మాత్రాన పోదు. మామయ్య దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని "ఇదా బావా, నా బొచ్చెలన్నీ దీని కడుపులోకి పోయినయ్యా" అన్నాడు. ఆ తర్వాత పిల్లలమ్మినవాడి ఊసు ఎత్తలేదు.

కొర్రమీను మీద నాకేం కోపం లేదండీ. తెలంగాణ వాళ్ళు దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు, రుచికి అది అర్హత ఉన్న చేపే, వేరే చెరువులో దాన్నే పెంచితే మంచి ధర కూడా వస్తుంది. బొచ్చె, శీలావతి పిల్లల మధ్య మాత్రం ఉండకూడదు.

ఇక మీ గుంట. వాన నీళ్ళు సగమే ఉన్నాయన్నారు కాబట్టి ఇంజను అద్దెకి తెచ్చి తోడేయడం ఒక్కటే తెలివైన పని. లెక్క చూడండి. ఇప్పచెక్క నీళ్ళ పరిమాణాన్ని బట్టి వేయాలి, ఘనపు మీటరు నీళ్ళకి పావు కేజీ. మీ అరెకరంలో మీటరు లోతు నీళ్ళుంటే అర టన్ను కావాలి. అదే జానెడుకి దించితే 120 కేజీలకి అటూ ఇటూ సరిపోతుంది. మిగిలిన డబ్బుల్లో ఇంజను అద్దె, డీజిలు పోను చేతిలో ఇంకా ఉంటాయి. బ్లీచింగ్ పౌడర్ వేసేవాళ్ళు కూడా ఉన్నారు, పని చేస్తుంది, వారం పది రోజుల్లో ఘాటు కూడా పోతుంది. నేను మాత్రం ఇప్పచెక్కే అంటాను, ఎందుకంటే రెండు మూడు వారాల్లో దాని విషం పోయాక అదే ఎరువుగా మారుతుంది, పేడ సగం తగ్గించుకోవచ్చు. దాంతో చచ్చిన చేపలు తినొచ్చు కూడా. పురుగుమందు డబ్బా పోసేసి చంపే వాళ్ళున్నారే, వాళ్ళని చూస్తే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది, అది పోతే ఇంకో డబ్బా పట్టుకొచ్చారు. ఆ చేపలు ఏరుకుని వండుకునేది ఊళ్ళో పేదవాళ్ళు, ఆ బురదలోనే రేపు మీ చేపలు మేసేది.

తేలినవన్నీ ఏరేశాక గుంటని ఎండనివ్వండి. నేల నెర్రెలిచ్చి, మనిషి నడిస్తే కాలు దిగబడకుండా ఉండాలి. అడుగున నల్లటి బురద ఉంటే, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే, పైపొర తీయించి గట్టు మీదకి ఎత్తించండి, కొబ్బరి చెట్లకి బ్రహ్మాండమైన ఎరువు. ఎండకి అడుగున పేరుకున్న విషవాయువులు పోతాయి, చేప పేను గుడ్లు కూడా చస్తాయి. శీలావతికి పేను పడితే ఎంత ఇబ్బందో మా వైపు ఎవర్నడిగినా చెప్తారు, ఒళ్ళు రాసుకుని రాసుకుని పుండ్లు పడి మేత మానేస్తుంది. పేను గుడ్లు పెట్టేది రాళ్ళకి, కర్రలకి, కాబట్టి గుంటలో పాత కర్రలు, కొమ్మలు, కొబ్బరి మట్టలు ఏవున్నా బయట పడేయండి. గుర్రపుడెక్క, తూటికాడ వేళ్ళతో సహా పీకించాలి, కోసి వదిలేస్తే నెలలో మళ్ళీ అదే పరిస్థితి. గట్టు చుట్టూ ఒకసారి తిరిగి ఎండ్రకాయ బొరియలు, ఎలక బొరియలు బంకమట్టితో కూరేయండి, నీళ్ళు కారిపోయేదీ కొర్రమీను దాక్కునేదీ వాటిలోనే.

తర్వాత సున్నం. మామూలు నేలకి అరెకరానికి 40-50 కేజీలు చాలు, పులుపు నేలైతే రెండు మూడు రెట్లు పడుతుంది, మట్టి పరీక్ష చేయించుకుంటే ఊహించాల్సిన పని లేదు. సున్నం చల్లిన రోజే పేడ, సూపర్ ఫాస్ఫేట్ కలిపి కొట్టేసే వాళ్ళని చూశాను, అలా చేస్తే ఫాస్ఫేట్‌ని సున్నం పట్టేసుకుంటుంది, డబ్బులు దండగ. వారం ఆగండి.

నీళ్ళు పెట్టేటప్పుడు పైపు మూతికి సన్నటి వల సంచి కట్టండి. దీని గురించి నేను ఎంతైనా మాట్లాడగలను. ఇంత కష్టపడి ఇప్పచెక్క కొట్టి, ఎండబెట్టి, కాలవ నీళ్ళు వల లేకుండా వదిలేస్తే ఆ రాత్రే జెల్ల పిల్లలు, పరిగె గుడ్లు లోపలికి వచ్చేస్తాయి, మొత్తం పని మళ్ళీ మొదటికి. బోరు నీళ్ళైతే ఈ బాధ లేదు. కాలవైతే రెండు పొరలు కట్టి, రోజూ విప్పి దులపాలి, లేకపోతే చెత్త పట్టి చిరుగుతుంది.

నీళ్ళొచ్చాక పేడ వేయాలి. ఇప్పచెక్క ముందే వేశారు కాబట్టి పేడ 200 కేజీలు మొదటి విడతకి చాలు. ముద్దలుగా విసిరేయొద్దు, నీళ్ళలో జావలా కలిపి చుట్టూ చల్లండి. వారం పది రోజుల్లో నీళ్ళకి ఆకుపచ్చ, లేత గోధుమ కలిసిన రంగు తిరుగుతుంది. అదే పిల్లలకి మొదటి మేత, కంటికి కనపడనంత చిన్న నాచు, దాన్ని తినే చిన్న పురుగులు. ఎండ బాగా ఉన్నప్పుడు చెయ్యి నిటారుగా నీళ్ళలో ముంచండి. మోచెయ్యి మునిగేసరికి అరచెయ్యి కనపడకుండా పోతే సరిగ్గా ఉంది. మోచెయ్యి దాటి ముంచినా వేళ్ళు లెక్కపెట్టగలిగితే ఇంకా మేత తయారవ్వలేదు, ఇంకొంచెం పేడ. మణికట్టు దగ్గరే అరచెయ్యి మాయమైతే ఎక్కువైపోయింది, పేడ ఆపి కొత్త నీళ్ళు పెట్టాలి, లేకపోతే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. మందుల షాపుకి వెళ్తే మాత్రం రంగు రావడానికి ఒక డబ్బా, నిలవడానికి ఒక డబ్బా, అడుగు శుభ్రానికి ఒక పొడి, మొత్తం సంచి నింపి పంపుతారు. అరెకరం గుంటకి ఇవేవీ అక్కర్లేదు. ఎండ, సున్నం, పేడ, వీటితో తయారుకాని గుంటని ఆ డబ్బాలు తయారుచేయవు. ఫోన్లో వీడియోలు చూసి బయోఫ్లాక్ ట్యాంకులు (ఎప్పుడూ గాలి కొడుతూ ట్యాంకులో చేపలు పెంచే పద్ధతి) పెట్టి కరెంటు బిల్లులు కట్టలేక వదిలేసిన కుర్రాళ్ళని చూశాక ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది, ఉన్న గుంటని సరిగ్గా చూసుకోవడం నేర్పించే వీడియో మాత్రం ఎవరూ పెట్టరు.

ఇప్పుడు మీ ప్రశ్న. బొచ్చె పైనీళ్ళలో తింటుంది, శీలావతి మధ్యలో, మోసు అనే ఇంకో రకం అడుగున. మా కొల్లేరు వైపు శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ, నూటికి 80, 20 లెక్కన వేస్తారు. అరెకరానికి వెయ్యి పిల్లలు మించొద్దు, అదీ నాలుగంగుళాలకి తగ్గనివి. చౌకగా వస్తాయని వేలెడు కూడా లేని పిల్లలు కొనొద్దు, వాటిని నీటి పురుగులు కూడా పట్టుకు తింటాయి, పెద్ద పిల్లలకి ఆ భయం లేదు. ఒకప్పుడు నదిలో పట్టిన పిల్లల్ని తెచ్చుకునేవారు, అందులో ఏది బొచ్చెయో ఏది వేరే చేపల్ని తినే వాలుగో కూడా తెలిసేది కాదు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి గారు ఇంజెక్షన్‌తో మన చేపల చేత గుడ్లు పెట్టించాకే ఇలా కావాల్సిన రకం అడిగి తెచ్చుకునే రోజులొచ్చాయి. అంత సౌకర్యం ఉన్నప్పుడు కలగాపులగం పిల్లలు తేవడం అన్యాయం, హేచరీకి మీరే వెళ్ళి చూసి తెచ్చుకోండి.

పిల్లలు తెచ్చే ముందురోజు గుంటలో చిన్న హాపా (సన్న వలతో కుట్టిన పెట్టె లాంటిది) కట్టి పాతిక పిల్లలు వదిలి చూడండి. ఒక రాత్రి, ఒక పగలు హుషారుగా తిరిగితే విషం పోయినట్టే, చస్తే ఇంకో వారం ఆగండి. పోసేది చల్లటి పూట, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ. కవర్లు తెచ్చిన వెంటనే కోసి కుమ్మరించకుండా పావుగంట, ఇరవై నిమిషాలు గుంట నీళ్ళ మీద తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెం గుంట నీళ్ళు కవర్లోకి పోస్తూ, వాటంతట అవే బయటికి ఈదేలా వదలండి.

మొత్తం కలిపి నెల, నెలన్నర పడుతుంది. ఈ వారంలో మీరు చేయాల్సింది ఇంజను మాట్లాడుకోవడం, ఇప్పచెక్క ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం. గుంటకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో, బోరా కాలవా, నేల ఎర్రదా నల్లదా అనేది రాయలేదు, అది కింద రాస్తే సున్నం ఎంత వేయాలో, వల ఏ సైజుది కట్టాలో చెప్తాను.